వంతెన మీది బరువు ఎటు పోతుంది?

రాజమండ్రి దగ్గర గోదావరి మీద నూట పదిహేనేళ్లలో నాలుగు వంతెనలు లేచాయి. 1900లో రైలు కోసం హేవ్‌లాక్ వంతెన వచ్చింది. 1974లో కింద రైలు, పైన రోడ్డు ఉన్న రెండోది వచ్చింది. 1997లో వరసగా కమానులు తేలినట్టుండే మూడోది, 2015 పుష్కరాల నాటికి కొవ్వూరు రోడ్డు కోసం నాలుగోది. నది అదే, అడుగున ఇసుక అదే, వచ్చే వరదా అదే. అయినా ఒక వంతెన చూసి ఇంకోటి కట్టినట్టు ఉండదు. హేవ్‌లాక్‌లో రాతి స్తంభాల మీద 45.7 మీటర్ల ఉక్కు గర్డర్లు 56 ఉన్నాయి. రెండోదాంట్లో ఎక్కువ ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ నడుమ దూరాలు) 91.5 మీటర్లవి, అవి ఉక్కు ట్రస్సులు. మూడోది పూర్తిగా కాంక్రీటు: 97.5 మీటర్ల చొప్పున 28 ఖానాలు, ఒక్కో ఖానాకి జోడు కమానులు.

బడి పుస్తకంలో వంతెనల పాఠం బొమ్మలతో నడుస్తుంది. ఇది దూలం వంతెన, ఇది కమాను, ఇది వేలాడేది, ఇది కేబుళ్లది అని నాలుగు బొమ్మలు, కింద నాలుగు పేర్లు. ఒడ్డున నిలబడి చూసేవాడికి అది చాలు. కట్టేవాడి ప్రశ్న వేరు: మీద పడ్డ బరువును నేల దాకా ఏ దారిన పంపాలి, అక్కడి నేల ఏ రకం తోపుడును భరిస్తుంది? రాజమండ్రిలో నాలుగు జవాబులు వచ్చింది ఈ ప్రశ్నకే. వంతెనలు ఎందుకు కూలతాయో వెతికినా మళ్లీ ఇక్కడికే వస్తాం. ఈ వ్యాసం ఆ దారి వెంటే నడుస్తుంది.

ముందు దూలం. రెండు స్తంభాల మీద ఊరికే ఆనించిన గర్డరు మీద బండి ఎక్కితే గర్డరు కాస్త కిందికి వంగుతుంది. వంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, అడుగుభాగం సాగుతుంది. నడుమ ఒక పొర నొక్కుడూ లాగుడూ లేకుండా ఉంటుంది. ఆనికల దగ్గర ఇంకో బలం పని చేస్తుంది, అది కత్తిరింపు. ఒక ముక్క పైకి, పక్క ముక్క కిందికి జారాలని చూస్తాయి. గెలీలియో 1638లో అచ్చేసిన పుస్తకంలో దూలం బలాన్ని లెక్కగట్టబోయాడు. లోతు పెరిగితే బలం దాని వర్గం చొప్పున పెరుగుతుందని సరిగ్గానే పట్టుకున్నాడు గానీ, దూలం అడ్డుకోత అంతటా లాగుడే ఉంటుందనుకున్నాడు. పైన నొక్కుడు, కింద లాగుడు అన్న సంగతి స్థిరపడటానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. మీటరుకు 1 టన్ను చొప్పున బరువు పరుచుకున్న దూలం 10 మీటర్ల పొడవుంటే, దాని నడుమ వంపు, అంటే బెండింగ్ మొమెంట్, 12.5 టన్ను-మీటర్లు. పొడవు 20 మీటర్లు చేస్తే 50. మొత్తం బరువు రెట్టింపయింది, వంపు నాలుగు రెట్లయింది. మీటరు బరువును పొడవు వర్గంతో గుణించి 8తో భాగిస్తే వచ్చే అంకె ఇది. సివిల్ ఇంజనీరింగు చదివిన ఎవరినైనా నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ తరగతి గదిలో అంతగా నొక్కి చెప్పని సంగతి ఒకటుంది. కమానుకూ, వేలాడే తీగకూ కూడా లెక్క ఇదే. 20 మీటర్ల ఖానాకి ఆ 50 టన్ను-మీటర్లను ఎవరో ఒకరు మోయాలి. మీటరు లోతు దూలమైతే పైన సుమారు 50 టన్నుల నొక్కుడు, కింద 50 టన్నుల లాగుడు తన ఒంట్లోనే పుట్టించుకుని మోస్తుంది. 4 మీటర్ల ఎత్తు లేచిన కమానైతే 50ని 4తో భాగించి, 12.5 టన్నుల బలంతో రెండు ఒడ్లనూ బయటికి తోస్తుంది. 4 మీటర్లు కిందికి వేలాడే తీగ అదే 12.5 టన్నులతో ఒడ్లను లోపలికి లాగుతుంది.

వంతెనల రకాలన్నీ ఈ మూడు వాక్యాల్లోనే ఉన్నాయని నా లెక్క. దూలం తన గొడవ తనే పడుతుంది, నేల మీద నిలువు బరువు తప్ప ఇంకేమీ పెట్టదు. కమాను, తీగ తక్కువ సరుకుతో ఎక్కువ దూరం దాటతాయి గానీ అందుకు నేల దగ్గర అప్పు చేస్తాయి. ఆ నేల అప్పు ఇవ్వగలదా లేదా అన్నదే రకాన్ని తేలుస్తుంది. తీగ వేలాడే ఆకారాన్ని తిరగేస్తే నిలబడే కమాను అవుతుందని రాబర్ట్ హుక్ 1675లోనే కనిపెట్టాడు. ఎవరూ కాజేయకుండా అక్షరాలు తారుమారు చేసి చిక్కుముడిగా అచ్చేయించాడు.

రాతికి నొక్కుడు ఎంతైనా ఫరవాలేదు, లాగితే మాత్రం విరుగుతుంది. అందుకే రాయి, ఇటుక తప్ప వేరే గతి లేని రోజుల్లో పొడవైన వంతెన అంటే కమానే. చైనాలో లీ చున్ అనే మేస్త్రీ క్రీ.శ. 605 ప్రాంతంలో కట్టిన ఝావోజౌ వంతెన 37 మీటర్ల ఖానాని ఒకే చదునైన కమానుతో దాటింది. భుజాల మీద చిన్న కమానులు తెరిచి పెట్టాడు. వాటివల్ల బరువు తగ్గింది, వరద వచ్చినప్పుడు నీళ్లకు దారీ దొరికింది. పద్నాలుగు శతాబ్దాల నాటి ఆ ఆలోచనలో కొట్టేయడానికి ఏమీ కనబడదు. మన దగ్గర ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1578లో, మూసీ మీద కట్టిన పురానాపూల్‌కి ఇరవైకి పైగా కమానులున్నాయి. పక్కపక్క కమానులు ఒకదాని తోపుడును ఇంకోటి రద్దు చేస్తాయి. చివరి తోపుడు మాత్రం ఒడ్లు భరించాలి. హైదరాబాదు కింద పరుచుకున్న గ్రానైటు అలాంటి పనికి అనువైన నేల.

కొండల మధ్య కమానుకు మించింది లేదు. 2025 జూన్‌లో ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెన ఉక్కు కమాను 467 మీటర్లు. పట్టాలు నదికి 359 మీటర్ల ఎత్తున ఉంటాయి. ఫొటోలన్నీ కమానువే. అసలు తంటా దాని పాదాల దగ్గర జరిగింది. కమాను తోసేది కొండవాలును, ఆ కొండ రాయి పగుళ్లు పగుళ్లుగా ఉంది, పైగా భూకంపాల ప్రాంతం. ఆ వాలును నిలబెట్టే పనిలో ఏళ్ల తరబడి సలహాదారుగా ఉన్నది బెంగళూరు ఐఐఎస్‌సీ ప్రొఫెసర్ జి. మాధవీలత, ప్రకాశం జిల్లా అమ్మాయి. ఆమె రంగం ఉక్కు కాదు, రాయీ మట్టీ. తవ్వే కొద్దీ రాయి రంగు మారిపోతుంటే ముందు గీసుకున్న నక్షాను పట్టుకుని కూర్చోకుండా, కనబడిన పగులును బట్టి రాతిలోకి దించే యాంకర్లను మార్చుకుంటూ పోయారు. చీనాబ్ గురించి ఒక్క సంగతే గుర్తు పెట్టుకోవాలంటే ఈఫిల్ టవరుతో ఎత్తు పోలిక వదిలేసి దీన్ని పెట్టుకోమంటాను.

మరి గోదావరిలో కొండ ఏది? ఉన్నదంతా ఇసుక. నది మధ్య నిలబడ్డ స్తంభాన్ని పక్కకు తోస్తే ఇసుకలో అది ఒరుగుతుంది. అందుకే మూడో వంతెనలో కమాను పాదాలు రెంటినీ రైలు నడిచే డెక్కుతోనే కట్టేశారు. విల్లు విచ్చుకోకుండా నారి పట్టి ఉంచినట్టు, కమాను బయటికి తోసే తోపుడును ఆ డెక్కు లాగి పట్టుకుంటుంది. పేరు కూడా బోస్ట్రింగ్ గర్డరే. డెక్కు కాంక్రీటు, కాంక్రీటుకు లాగుడు పడదు కాబట్టి అందులో ఉక్కు తీగలు బిగించి ముందే నొక్కి పెట్టారు. ఇంతా అయ్యాక స్తంభానికి చేరేది నిలువు బరువు. చూడటానికి కమాను, స్తంభం దృష్టిలో మాత్రం దూలమే. ఒడ్డు మీంచి చూసి పేరు పెడితే పొరపడేది ఇక్కడే.

ఖానాలు 45 మీటర్ల నుంచి 90 దాటడానికి కారణం కూడా నది అడుగునే ఉంది. గోదావరిలో ఒక్కో స్తంభానికి పునాది దించడం ఏళ్లు పట్టే పని, డబ్బు నీళ్లలా తాగే పని. స్తంభాలు తగ్గిస్తే గర్డర్లు బరువెక్కుతాయి. పైభాగం ఖర్చు, కిందిభాగం ఖర్చు దాదాపు సమానమయ్యే చోట ఖానా పొడవు ఖాయం చేయాలని పాత ఇంజనీర్ల సూత్రం. పునాది ఎంత ఖరీదైతే ఖానా అంత సాగుతుంది. ఉక్కు తయారీ, పైకెత్తే యంత్రాలు మెరుగయ్యే కొద్దీ ఆ గీత జరుగుతూ వచ్చింది.

ట్రస్సు గురించి కొంచెం. దూలం నడుమభాగం పెద్దగా పని చేయదన్నాం కదా, దాన్ని తీసేసి త్రికోణాలుగా కడ్డీలు పెడితే బరువు పెరగకుండా లోతు పెరుగుతుంది. నాలుగు కడ్డీల చట్రం పక్కకు ఒరుగుతుంది, మూడు కడ్డీల చట్రం ఒరగదు. ప్రతి కడ్డీలో దాదాపుగా నొక్కుడో లాగుడో ఒకటే ఉంటుంది. రెండో గోదావరి వంతెనలో రైలు ట్రస్సు లోపలి నుంచి, రోడ్డు ట్రస్సు నెత్తి మీంచి పోతాయి. ఒక లోతైన చట్రానికి రెండు పనులు.

ఇనుము రాగానే అంతా సుఖమైపోలేదు. ఇంగ్లండులో 1779లో నిలిపిన ఐరన్ బ్రిడ్జి పోత ఇనుముదే అయినా ఆకారం కమాను, కాబట్టి నొక్కుడులోనే ఉండి ఇప్పటికీ నిలబడింది. అదే పోత ఇనుముతో రాబర్ట్ స్టీఫెన్‌సన్ చెస్టర్ దగ్గర డీ నది మీద దూలాలు వేస్తే 1847లో రైలు కింద ఒకటి విరిగింది. పోత ఇనుముకు రాతి గుణమే ఎక్కువ, లాగితే చెప్పకుండా పగులుతుంది. 1879 డిసెంబరు 28 రాత్రి స్కాట్లండులో టే వంతెన గాలివానకు పడిపోయి, దాని మీదున్న రైల్లోని వాళ్లంతా పోయారు. రూపకర్త థామస్ బౌచ్ గాలి తోపుడును పట్టించుకోలేదు. ఆ స్తంభాల పోత ఇనుప చెవుల్లో లోపాలు దానికి తోడయ్యాయి. రైలు బరువు పైనుంచి కిందికి వస్తుందని అందరికీ తెలుసు, గాలి పక్కనుంచి వస్తుందన్నది లెక్కలోకి ఎక్కడానికి అన్ని ప్రాణాలు కావలసి వచ్చింది.

దాని ఫలితం ఫోర్త్ వంతెన, 1890. ఫౌలర్, బేకర్ కట్టింది. 521 మీటర్ల ఖానాలు. భయం ఎంత గట్టిగా పట్టుకుందో ఆ లావుపాటి గొట్టాలు చూస్తే తెలుస్తుంది. ఇది కాంటిలీవరు రకం: స్తంభం నుంచి రెండు వైపులా చేతులు చాచి, ఆ చేతుల కొసల మీద నడుమ ముక్కను ఆనిస్తారు. బేకర్ దీన్ని మనుషులతోనే చూపించాడు. ఇద్దరు కుర్చీల్లో కూర్చుని చేతులు చాపితే, మధ్యలో పలక మీద కూర్చున్నది జపాను నుంచి వచ్చిన యువ ఇంజనీరు కైచి వతనబే. ఆ ఫొటో పాఠ్యపుస్తకాల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. కలకత్తా హౌరా వంతెన ఈ కుటుంబానిదే. 1943లో తెరిచారు, ఖానా 457 మీటర్లు.

క్వెబెక్ కథ వేరు. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద ఫోర్త్‌ని మించిన ఖానా కడుతుండగా 1907 ఆగస్టు 29న సగం వంతెన నదిలో పడి 75 మంది కూలీలు చనిపోయారు. మొదట 1600 అడుగులనుకున్న ఖానాని 1800 అడుగులకు పెంచి, పెరిగిన సొంత బరువును సరిగా తిరిగి లెక్కగట్టలేదు. నొక్కుడులో ఉన్న అడుగు కడ్డీ ముందు కొద్దిగా వంకర తిరిగింది. ఆ వంకరను సైటులో చూశారు, కొలిచారు, ఉత్తరాలు రాసుకున్నారు. పని ఆపేలోపే కూలిపోయింది. లాగుడులో ఉన్న కడ్డీ తెగాలంటే దాని సరుకు ఓడిపోవాలి. నొక్కుడులో ఉన్న సన్నని కడ్డీకి అంత అక్కర్లేదు, సరుకు గట్టిగా ఉండగానే ఉన్నట్టుండి పక్కకు వంగిపోతుంది. ఆయిలర్ పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇచ్చిన సూత్రం ఇది. 1916లో నడుమ ముక్క పైకెత్తుతుండగా జారి మరో 13 మంది పోయారు. 1917లో పూర్తయిన ఆ 549 మీటర్ల ఖానా కాంటిలీవరు వంతెనల్లో నేటికీ అన్నిటికంటే పొడవు. ఆ తరవాత అంత దూరం దాటాలనుకున్నవాళ్లు కేబుళ్ల వైపు పోయారు.

వేలాడే వంతెన తీగల్లో అంతా లాగుడే. లాగుడుకు ఉక్కు తీగను మించింది లేదు, వంగిపోతుందన్న భయం లేదు. అందుకే అతి పొడవైన ఖానాలు దానివే: గోల్డెన్ గేట్ 1937లో 1280 మీటర్లు, జపాను ఆకాషి 1998లో 1991 మీటర్లు, తుర్కియేలో చానక్కలే 2022లో 2023 మీటర్లు. ఆకాషి అంకె చివరన ఉన్న ఆ 1 మీటరు ఇంజనీర్లు వేసింది కాదు. టవర్లు లేచి కేబుళ్లు పడ్డాక 1995లో కోబె భూకంపం వచ్చి రెండు టవర్ల నడుమ దూరాన్ని దాదాపు అంత పెంచింది. వంతెన తట్టుకుంది, నక్షా సవరించుకున్నారు.

తీగకు ఉన్న లోపం దాని తేలిక. టకోమా వంతెన 1940 జూలై 1న తెరిస్తే నవంబరు 7న పడింది. ఖానా 853 మీటర్లు, డెక్కు లోతు 2.4 మీటర్లు మాత్రమే. ఆనాటి గాలి వేగం గంటకు 67 కిలోమీటర్ల ప్రాంతం, తుఫాను కూడా కాదు. దీన్ని అనునాదం అని చెప్పి ఊరుకునే పుస్తకాలు ఇంకా వస్తున్నాయి. బయటి తాళానికి వంతెన చిందులేసిందని వాటి భావం. అంత సూటిగా లేదు. డెక్కు మెలి తిరిగినప్పుడు దాని కోణం మారుతుంది, కోణం మారితే గాలి తోసే తీరు మారుతుంది, ఆ తోపుడు మెలిని ఇంకా పెంచుతుంది. ఊపును వంతెనే గాలి నుంచి గుంజుకుంటుంది. విమానాల రెక్కల్లో తెలిసిన జబ్బే ఇది, ఫ్లటర్ అంటారు. ఆ తరవాత పెద్ద వేలాడే వంతెనలకు గాలి సొరంగంలో నమూనా పరీక్ష ఆనవాయితీ అయింది. సైనికులు కవాతు చేస్తే వంతెన కూలుతుందన్న కథ కూడా ఉత్తిది కాదు. 1831లో మాంచెస్టర్ దగ్గర బ్రాటన్ వేలాడే వంతెన అలాగే పడింది. 2000లో లండన్ మిలీనియం వంతెన మీద జనం కవాతేమీ చేయలేదు, మామూలుగానే నడిచారు. వంతెన పక్కకు ఊగితే నిలదొక్కుకోవడానికి అందరూ అదే లయలో అడుగేశారు. రెండ్రోజుల్లో మూసేసి, డాంపర్లు పెట్టి 2002లో తెరిచారు.

కేబుల్ స్టే వంతెన ఈ మధ్య మన ఊళ్లకూ వచ్చింది. హైదరాబాదు దుర్గం చెరువు వంతెన 2020 సెప్టెంబరులో తెరిచారు, నడిమి ఖానా సుమారు 234 మీటర్లు. చెరువు మధ్యలో స్తంభం లేదు. ఇందులో ఏటవాలు కేబుళ్లు డెక్కును పైకి లాగుతూనే టవరు వైపుకూ తోస్తాయి. రెండు వైపుల తోపుళ్లూ టవరు దగ్గర సరిపోతాయి కాబట్టి ఒడ్డున కొండంత యాంకరేజి అక్కర్లేదు. హుగ్లీ మీద 1992 నాటి విద్యాసాగర్ సేతు ఖానా హౌరా వంతెనతో సమానంగా 457 మీటర్లే. అర్ధ శతాబ్దం ఎడంతో, అదే మెత్తటి ఒండ్రు నేలలో, అదే దూరాన్ని రెండు రకాలుగా దాటిన జంట అది. రెండూ నేల దగ్గర పక్కతోపుడు అప్పు చేయనివే. ఇప్పుడు ఊరికో కేబుల్ వంతెన అందానికి కట్టాలన్న సరదా కనిపిస్తోంది. చిన్న కాలవ మీద టవరు లేపి రంగు లైట్లు పెట్టేచోట, గర్డరు వేసి మిగిలిన డబ్బుతో పది కల్వర్టులు బాగు చేయించుకోవడం నయమని నా అభిప్రాయం.

తీగకు ఇంకో బెడద తుప్పు. అమెరికాలో సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరులో ఒక గొలుసు కడ్డీ కంటిలో ఉన్న 2.5 మిల్లీమీటర్ల పగులుతో కూలి 46 మంది చనిపోయారు. ఆ గొలుసులో ఒక లంకె తెగితే బరువు మళ్లించుకోవడానికి రెండో దారి లేదు. జెనోవాలో 2018 ఆగస్టులో 43 మందిని బలిగొన్న మొరాండి వంతెనలో కేబుళ్లు కొద్దే, పైగా వాటిని కాంక్రీటులో మూసేశారు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడదు. గుజరాత్ మోర్బీలో 2022 అక్టోబరు 30న తెగిన వేలాడే వంతెన కేబుల్లో 49 తీగలకు 22 అప్పటికే తుప్పు పట్టాయని దర్యాప్తులో తేలింది. ఇవన్నీ కట్టిన రకం తప్పులని అనడం తేలిక. ఒక్క దారి మూసుకుపోతే బరువు ఇంకో దారి పట్టే వీలు లేకపోవడం, ఉన్న దారిని చూసుకునేవాళ్లు లేకపోవడం అసలు సంగతి. ఇప్పటి కేబుల్ వంతెనల్లో ఏ ఒక్క కేబుల్ తీసి కొత్తది వేసినా వంతెన నిలిచేలా లెక్క కడతారు.

ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు గర్డర్ల గురించి కొత్తగా చెప్పేది తక్కువ, మన ఫ్లైఓవర్లూ మెట్రోలూ అవే. ఒక్క జాగ్రత్త: కాంక్రీటు బరువు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా కుంచించుకుపోతూనే ఉంటుంది. పలావు దీవుల్లో 1977 నాటి కోరోర్ వంతెన 241 మీటర్ల ఖానా నడుమ మీటరు పైన దిగిపోయింది. సరిచేసి బిగించిన కొన్ని నెలలకే 1996లో కూలింది.

లెక్కలోకి వచ్చే మిగతా బరువుల్ని గబగబా దాటేద్దాం. మన రోడ్డు వంతెనలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల్లో 70 టన్నుల ట్యాంకులాంటి బండి ఒకటుంటుంది, లారీల వరసలుంటాయి. వాటి అదురు, బ్రేకు వేసినప్పుడు ముందుకు తోసేది, వంపులో బయటికి తోసేది కలపాలి. ఎండ కూడా బలమే. 100 మీటర్ల ఉక్కు గర్డరు 40 డిగ్రీల తేడాకు దాదాపు 5 సెంటీమీటర్లు సాగుతుంది. దాన్ని సాగనివ్వకపోతే స్తంభం తల విరగ్గొడుతుంది, అందుకే ఒక కొస బిగించి రెండో కొస జారే బేరింగు మీద పెడతారు. బస్సులో వెళ్తుంటే టకటకమని తగిలే అతుకులు అవే. వాటిలో మట్టి నిండి బిగుసుకుపోతే గర్డరుకు పక్షవాతం వచ్చినట్టే, పట్టించుకునేవాళ్లు అరుదు.

ఇంతవరకూ చెప్పిన ప్రమాదాలు ప్రపంచంలో పేరు మోసినవి. మన దేశంలో వంతెనలు ఎలా పోతున్నాయో చూస్తే బొమ్మ మారిపోతుంది. 1977 నుంచి 2017 దాకా మన దగ్గర కూలిన 2 వేలకు పైగా వంతెనలను పరిశీలించిన ఒక అధ్యయనంలో 80 శాతం ప్రకృతి వైపరీత్యాల పద్దులో పడ్డాయి, అందులో పెద్ద వాటా వరదలది. మోయలేనంత బరువు ఎక్కి కూలినవి 3 శాతం పైచిలుకు మాత్రమే. కూలేనాటికి సగటు వయసు ముప్పై అయిదేళ్లు కూడా లేదు. దూలమా, కమానా, కేబులా అన్న తేడా ఈ లెక్కలో పెద్దగా కనిపించదు.

నీళ్లు వంతెనను పక్కకు తోసి పడేస్తాయనుకుంటాం. సెకనుకు 3 మీటర్ల వరద గుండ్రటి ముక్కున్న స్తంభం మీద చదరపు మీటరుకు తోసేది 300 కిలోలే. రాతి స్తంభానికి అది లెక్క కాదు. నీరు చేసే అసలు పని కింద. స్తంభానికి తగిలిన ప్రవాహం కిందికి మళ్లి, సుడి తిరిగి, పునాది చుట్టూ ఇసుకను తోడేస్తుంది. వరద తగ్గేటప్పుడు ఆ గోతిలో మళ్లీ ఇసుక నిండిపోతుంది కాబట్టి మర్నాడు వెళ్లి చూసినవాడికి అంతా మామూలుగానే ఉంటుంది.

గోతి ఎంత లోతు పోవచ్చో చెప్పే సూత్రం పుట్టింది మన దగ్గరే. ఇక్కడి కాలవల కొలతల నుంచి బ్రిటిష్ నీటిపారుదల ఇంజనీరు జెరాల్డ్ లేసీ 1930లో ఇచ్చాడు. దాని ఆధారంగా నడిచే రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో గోదావరిని ఒకసారి పెట్టి చూద్దాం. 1986 ఆగస్టు వరద ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు లక్ష ఘనపు మీటర్లకు దగ్గర. దాన్ని వంతెన పొడవు 2.7 కిలోమీటర్ల మీద పరిస్తే మీటరు వెడల్పుకు సుమారు 37 ఘనపు మీటర్లు. మామూలు ఇసుకకు కోత సగటున వరద మట్టం నుంచి 14 మీటర్ల దాకా, స్తంభం దగ్గర దానికి రెట్టింపు. అంటే 27, 28 మీటర్ల లోతు దాకా ఇసుక నిలవదు. పునాది పట్టు అంతకంటే ఇంకో మూడోవంతు లోతున దొరకాలి. ఇది నా చేతి లెక్క, ఏ వంతెన డిజైనూ కాదు. అయినా గోదావరిలో స్తంభాలు ఎందుకంత ఖరీదో ఈ అంకె చెబుతుంది.

అంత లోతుకు మనవాళ్లు వెళ్లింది బావులతోనే. పైనుంచి బావి ఒర కడుతూ, లోపలి ఇసుక తోడేస్తూ పోతే తన బరువుకు తనే దిగుతుంది. ఒక పక్క గట్టి మన్ను తగిలితే ఒరుగుతుంది, అప్పుడు బరువులు పెట్టి, రెండో పక్క తవ్వి నిలువుకు తెచ్చుకోవాలి. నీళ్ల కింద ఒరిగిన బావిని సరిచేయడంలో చేయి తిరిగిన మేస్త్రీకి డిగ్రీ చదివిన ఇంజనీరు కూడా ఎదురు చెప్పడు.

పెద్ద నదుల మీది పెద్ద వంతెనలు ఈ జాగ్రత్తతో చాలావరకు నిలబడ్డాయి. పోయినవి ఎక్కువగా వాగుల మీదివి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వరదకు వంతెన దెబ్బతిని రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోతే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరక్కుండానే తమిళనాడు అరియలూరులో మళ్లీ అదే జరిగింది, ఈసారి ఆయన దిగిపోయారు. 2005 అక్టోబరు 29న అప్పటి నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజరు కిందికి పోయింది కూడా చిన్న వంతెన దగ్గరే. పైనున్న చెరువు తెగి నీళ్లు ఒక్కసారిగా వచ్చి కట్టను కోసేశాయి, వందమందికి పైగా పోయారు. అక్కడ ఏ గర్డరు లెక్కా తప్పలేదు. ఎగువన ఒక చెరువు తెగితే ఎన్ని నీళ్లు వస్తాయన్నది వంతెన లెక్కలో ఉండాల్సిన అంకె. తెలంగాణలో గొలుసుకట్టు చెరువులున్న ప్రతి వాగుకూ ఈ ప్రశ్న ఉంటుంది. 1908 సెప్టెంబరు మూసీ వరదలో కూడా ఎగువ చెరువులు తెగడం ఉంది. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాక రెండు ఒడ్లకూ మిగిలిన దారి మూడు వందల ముప్పై ఏళ్ల పురానాపూల్ ఒక్కటే. దానర్థం పాత కట్టడాలన్నీ గట్టివని కాదు. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీద బ్రిటిష్ కాలపు రాతి కమానుల వంతెన 2016 ఆగస్టు వరద రాత్రి బస్సులతో సహా కొట్టుకుపోయింది.

నదిని తోడే పని వరద ఒక్కటే చేయడం లేదు. వంతెన దిగువన ఇసుక తవ్వితే నది అడుగు మొత్తంగా కిందికి జారుతుంది. ముప్పై మీటర్ల పట్టుతో దించిన బావికి నాలుగు మీటర్లు తవ్వేసినా అది పైకి కనబడదు, లెక్కలో మాత్రం పట్టు తగ్గిపోయింది. వరదలో కొట్టుకొచ్చేవీ ఉన్నాయి. 2024 సెప్టెంబరు వరదకు తెగి వచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీని గుద్ది గేట్ల కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టాయి. అదే ఏడాది మార్చిలో బాల్టిమోర్‌లో సరుకు ఓడ ఒక స్తంభానికి తగిలితే ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన ట్రస్సు ఖానాలు క్షణాల్లో నీళ్లలో ఉన్నాయి. అక్కడ కూడా ట్రస్సులో తప్పు లేదు, దారి చివరనున్న స్తంభం లేకుండా పోయింది.

మహాడ్ తరవాత 2016లోనే కేంద్రం జాతీయ రహదారుల వంతెనలకు ఒక జాబితా తెరిచి, ప్రతిదానికీ నంబరిచ్చి, స్థితి రాయడం మొదలుపెట్టింది. మంచి పనే. కానీ పగుళ్లు, తుప్పు, రెయిలింగులు చూసి మార్కులు వేయడం సులువు, నీళ్ల కింద పునాది చుట్టూ లోతు కొలవడం కష్టం. రైల్వేలో ఈ అలవాటు పాతది. వానాకాలానికి ముందూ తరవాతా వంతెన తనిఖీలుంటాయి, స్తంభాల మీద ప్రమాద మట్టం గీత రంగుతో గీసి ఉంటుంది, బలహీనమని గుర్తించిన చోట వర్షాకాలమంతా కాపలా మనిషి ఉంటాడు. పంచాయతీరాజ్ రోడ్ల మీది వేలాది కల్వర్టులకు, చిన్న వంతెనలకు అటువంటి గీత గానీ, మనిషి గానీ లేరు. వాటిలో ఎక్కువ భాగం ఏ బడి పుస్తకంలోనూ బొమ్మకెక్కని మామూలు స్లాబులు, గొట్టాలు. ఎగువన చెరువు, దిగువన ఇసుక రేవు ఉన్నవాటిని ముందు వరుసలో పెట్టి, ప్రతి ఏడూ వరద తీస్తుండగానే, గోతిలోకి ఇసుక చేరేలోపు, ఒక గెడకర్రతోనైనా లోతు కొలిచి రాసిపెట్టే పనికి కొత్త డిజైనూ, కొత్త టెండరూ అక్కర్లేదు.